కొత్త తోలు

“ఇంకా మానలేదా అది?” అన్నాడు కొమురయ్య.

అడిగింది భార్య చెయ్యి గురించే. చూసింది మాత్రం తన కంచంలోకి. రొట్టె నడుమ దళసరిగా ఉంది, అంచులు పగిలి ఉన్నాయి. ఎడమచేత్తో తట్టిన జొన్నరొట్టె అట్లాగే ఉంటుంది. దేవమ్మ కుడి అరచేతికి చుట్టిన గుడ్డను కొంగు చాటుకు జరుపుకుని, “మానుతున్నది” అన్నది. నెల దాటింది, ఎవరడిగినా ఆమె ఆ మాటే చెబుతున్నది.

కాలింది ఈ పొయ్యి ముందే. పెనం మీద రొట్టె వేసి, తడిచెయ్యితో పైన నీళ్లు రాస్తున్నది. కన్ను తిప్పకూడని పని అది. “నీళ్లు” అన్నాడు కొమురయ్య అవతలి గదిలోంచి. ఒక్క మాటే. చెంబు అతని మోకాలికి బారెడు దూరంలోనే ఉంది. కాస్త వంగితే అందుతుంది. ఆమె తల తిప్పింది, రొట్టె జారింది, చెయ్యి ఇనుము మీద పడింది. బొటనవేలి కింద ఎత్తుగా ఉండే కండ పెనానికి అంటుకుని లేచింది. ఆమె అరవలేదు. ముందు నీళ్లిచ్చి వచ్చింది, తర్వాత చెయ్యి చూసుకున్నది. ఆ వరసలో వింత ఏమైనా ఉన్నదని ఆమెకు అప్పుడు తోచలేదు.

కొమురయ్య చెడ్డవాడు కాదు. వాళ్ల ఊరు కర్దనూరులో ఎవరిని అడిగినా ఆ మాటే చెబుతారు, దేవమ్మా అదే చెబుతుంది. తాగడు, చెయ్యెత్తడు. పొలం కంపెనీల కిందికి పోయాక ఒక మందుల కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. నాగలి పట్టినన్నాళ్లూ మాట్లాడని మనిషి కుర్చీలో కూర్చుని ఏం మాట్లాడతాడు? కానీ గాయమైన మరునాటి నుంచి అతను ఒక పని చేస్తున్నాడు. పొద్దున్నే ఆమెను వాకిట్లో కూర్చోబెట్టి, చెయ్యి తన తొడ మీద పెట్టుకుని, వేన్నీళ్లతో తడిపి, గాయం మీద కట్టిన పక్కును గోటితో మెల్లమెల్లగా లేపి తీసేస్తాడు. కింద ఎర్రగా నీరూరుతుంది. దాని మీద వేపనూనె పెడతాడు. “మీది పక్కు తీస్తెనే లోపటికి గాలి తాకి ఎండుతది. ఎద్దు మెడకు గిట్లనే జేస్తుంటి” అంటాడు. కాడి ఒరిసి ఎద్దు మెడ పుండు పడితే రోజూ అట్లాగే పక్కు తీసి, నూనె పెట్టి, మళ్లీ కాడి ఎత్తేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఆమె చెయ్యి ఇంతసేపు పట్టుకున్నది లేదు. ప్రాణం జివ్వుమనేది. అయినా ఆమె చెయ్యి వెనక్కి తీసుకునేది కాదు. తెల్లారేసరికి మళ్లీ పక్కు కట్టి ఉండాలని లోపల ఎక్కడో కోరుకునేదేమో కూడా.

సాయంత్రమైతే వాడకట్టు ఆడవాళ్లు వచ్చేవాళ్లు. “ఏదీ, సూడనీ” అని కట్టు విప్పేవాళ్లు. పుండు అంటే ఊరందరూ చూడవలసిందే. ఒకామె పసుపు అద్దేది. ఇంకొకామె సున్నం రాసేది. మరొకామె ఇంటికి పోయి పళ్లపేస్టు తెచ్చేది. ఎవరి మందు వాళ్లది, ఎవరి ప్రేమ వాళ్లది. దేవమ్మ అందరికీ చెయ్యి చాపేది, చాయ పెట్టేది, వాళ్లు పోయాక గ్లాసులు కడుక్కునేది. ఆ తడి కూడా గాయానికే చేరేది.

చివరికి కొడుకు మల్లేష్ బండి మీద పటాన్‌చెరు దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. “షుగర్ లేదు. రక్తం మంచిగున్నది. మరెందుకు మానుతలేదమ్మా?” అని దేవమ్మనే అడిగింది. దేవమ్మ తప్పు చేసినదానిలా తల దించుకున్నది. తడి తగలొద్దన్నది డాక్టరమ్మ, సెగ తగలొద్దన్నది, ఆ చోట బరువు పడొద్దన్నది. “ఇంకో నెల గిట్లనే ఉంటే తొడ మీది తోలు తీసి అతకాల్సి వస్తది. ముడుచుకుపోయి మానిందనుకో, బొటనవేలు గుంజుకపోతది. పిడికిలి రాదు నీకు” అన్నది.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే కొమురయ్య పొయ్యి వైపు చూశాడు. “మరి రొట్టె?” అన్నాడు. వానాకాలంలో ఆకాశం వైపు చూసి “మరి వాన?” అన్నట్టే అన్నాడు, అందులో కోపం ఏమీ లేదు.

మల్లేష్ పటాన్‌చెరులో తోపుడుబండి దగ్గర రొట్టెలు కొనుక్కొచ్చాడు. కొమురయ్య ఒక తునక తుంచి నోట్లో పెట్టుకుని, “బొంత లెక్కున్నది” అని కంచం పక్కకు జరిపాడు. మజ్జిగ తాగి లేచాడు. తిడితే ఎదురు చెప్పవచ్చు. ఆకలితో లేచిపోయిన మగవాడికి ఏం చెప్పాలో దేవమ్మకు ఎవరూ నేర్పలేదు. అత్త పోయి ఎన్నో ఏళ్లయింది. అయినా ఆ పొద్దు ఆమె గొంతు వంటింట్లోనే వినిపించింది: “మొగోడు కంచం ముందలికెల్లి లేస్తే, ఇంటిది ఉన్నట్టా సచ్చినట్టానే?” మరునాడు దేవమ్మ ఎడమచేత్తో పిండి కలిపింది. రెండు రోజులకు కుడిచెయ్యి కూడా దానంతట అదే కట్టుతో సహా వచ్చి సాయం చేసింది. “అమ్మా, నువ్వు పని చెయ్యకే” అంటాడు మల్లేష్ కంపెనీ షిఫ్టు నుంచి వచ్చి. అని, తిన్న కంచం అక్కడే వదిలి లేస్తాడు.

పగలు ఆమె పని కంది ఊళ్లో. అక్కడి పెద్ద కాలేజీలో గదులు తుడిచే మనుషులను కాంట్రాక్టరు బండి పొద్దున్నే ఎక్కించుకుపోతుంది. సూపర్‌వైజర్ త్రినాథరావు కట్టు చూసి ముఖం చిట్లించాడు. “దీనితో ల్యాబుల్లో తిరిగితే సార్లు నన్నంటారమ్మా. గ్లౌజు తొడుక్కో, కనపడకుండా ఉంటుంది” అన్నాడు. అతనికి కావలసింది కనపడకుండా ఉండటం. పొద్దుందాకా రబ్బరు గ్లౌజులో చెమట పట్టి, కట్టు నాని ముద్దయ్యేది.

“లోపల చెయ్యి ఉడుకుతుంది గదనే, ఆలుగడ్డ లెక్క!” అనేది బేగంబీ. ఇద్దరూ ఒకే అంతస్తు తుడుస్తారు. “ఇంత ఉప్పు కూడా ఏసుకో, తినేద్దాం.”

దేవమ్మ నవ్వేది. నవ్వినప్పుడు కూడా చెయ్యి సలిపేది.

మూడో అంతస్తులో చివరి గది స్నిగ్ధది. బీరంగూడ పిల్ల. తోలు గురించి పరిశోధన చేస్తున్నదట. పెద్ద చదువు చదువుతున్నా “ఆంటీ, తిన్నరా?” అని అడగకుండా లోపలికి రానివ్వదు. ఆ రోజు దేవమ్మ బల్ల తుడుస్తుంటే గ్లౌజు అంచులోంచి నీళ్లు కారి బల్ల మీద పడ్డాయి.

“ఆంటీ, గ్లౌజు తియ్యండి” అన్నది స్నిగ్ధ.

“ఏం లేదు బిడ్డా.”

“తియ్యండి ఆంటీ.”

గాయం తెల్లగా నాని, అంచులు ఉబ్బి ఉంది. స్నిగ్ధ దాన్ని ఆరబెట్టి, పొడి కట్టు కట్టింది. రోజూ దీనికి ఏం చేస్తున్నారని అడిగింది. దేవమ్మ కాస్త గర్వంగానే చెప్పింది, మొగుడు పక్కు తీసేది, నూనె పెట్టేది, వాడకట్టు వాళ్ల పసుపు, సున్నం. స్నిగ్ధ తల పట్టుకున్నది.

“రోజూ తీస్తున్నరా?”

“ఎద్దులకు గట్లనే జేస్తరు బిడ్డా.”

స్నిగ్ధకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. “ఇటు రండి, మీకొకటి చూపిస్తా” అని కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. కుర్చీలో కూర్చోవడానికి దేవమ్మ వెనకాడింది. త్రినాథరావు చూస్తే? స్నిగ్ధ భుజం పట్టి కూర్చోబెట్టింది.

తెర మీద బండలు పరిచిన వాకిలి లాంటిది కనిపించింది. నడుమ ఖాళీ బాట.

“ఇవి తోలులో ఉండే కణాలు ఆంటీ. చిన్న గిన్నెలో పెంచుతం. గిన్నె నిండినంక నడుమ నేనే గీత గీసిన. అది గాయం అనుకోండి.”

“నువ్వే జేసినవా గాయం?”

“మానుడు ఎట్లనో చూడాలంటే చెయ్యాలె గదా.”

“మంచిగున్నది. మా ఊర్ల జెప్తె తంతరు నిన్ను.”

ఒక రోజంతా తీసిన బొమ్మలను స్నిగ్ధ రెప్పపాటులో నడిపించింది. రెండు దరుల నుంచీ కణాలు కదిలాయి. ఒక్కొక్కటిగా కాదు. పక్కదాన్ని విడవకుండా, కలుపు తీసే ఆడవాళ్లు బారుగా ముందుకు జరిగినట్టు జరుగుతున్నాయి. అంచున ఉన్నవి ఖాళీలోకి కాలు చాపి, ఆనించి, వెనకవాటిని గుంజుకుంటున్నాయి. దేవమ్మ ముందుకు వంగింది. తన చేతిలో కూడా ఇట్లాంటి పని ఒకటి నడుస్తున్నదని, తాను గిన్నెలు తోముతుంటే, బండి ఎక్కుతుంటే, నిద్రపోతుంటే ఎవరో ఇంతమంది ఓపికగా పాకి వస్తున్నారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కొన్ని మాత్రం కాలు చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంటున్నాయి. చాపడం, తీసుకోవడం.

“గవి ఎందుకు ఎన్కకు వోతున్నయి?”

“మంచిగ అడిగిన్రు. వాటి మీద ఒక ప్రోటీన్ ఉంటది ఆంటీ. తలుపు బెల్లు అనుకోండి. ఎవరన్నా ఒత్తినా, గుంజినా మోగుతది. అంచు దగ్గర అది మోగినప్పుడల్లా కణం చాపిన కాలు ఎన్కకు తీసుకుంటది, మళ్లా మొదటి నుంచి. ఆ ప్రోటీన్ లేని కణాలైతే గాయం జల్దీ మూసుకుంటది. అది ఎక్కువ మోగుతుంటే లేటయితది.”

“అంటే, తెల్వకుంటెనే మంచిదా?”

“అట్ల కాదు ఆంటీ. ఒత్తితే తెల్వాలె, తెల్వకుంటె అది తోలెట్లయితది? మూసుకునేదాకా ఊకూకె మోగించొద్దు, అంతే. మీ పక్కు కిందికెల్లి గూడ కొత్త తోలు ఇట్లనే పాక్కుంట వస్తున్నది. సార్ పక్కుతోని పాటు దాన్ని గూడ లేపుతున్నరు రోజూ.”

కొమురయ్యను సార్ అనడం దేవమ్మకు నవ్వు తెప్పించింది. ఆ నవ్వు పూర్తి కాకముందే స్నిగ్ధ ఇంకో గిన్నె తీసుకుని, మూలనున్న పెట్టె తలుపు తెరిచి లోపల పెట్టింది. మనిషి ఒంట్లో ఎంత వెచ్చదనమో లోపల అంతే వెచ్చదనమట. తలుపు మూసేసింది.

“మళ్ల ఎప్పుడు తీస్తవ్?”

“రేపు.”

“అందాక ఎవ్వరు ముట్టరా?”

“ముట్టనియ్య. త్రినాథరావు సారొచ్చి తుడుస్త అన్నా తలుపు తియ్యనియ్య.”

దేవమ్మ ఆ పెట్టె ముందు తుడుపుకర్ర పట్టుకుని కాసేపు నిలబడిపోయింది. నవ్వుకోవలసిన సంగతే, ఆమెకు ఆ గిన్నె మీద ఈర్ష్య పుట్టింది. అరచేతిలో పట్టేంత గిన్నె. దానికి వెచ్చని గది, మూసిన తలుపు, తలుపు ముందు కొట్లాడటానికి ఒక ఆడపిల్ల. తనకు పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఒక పగలూ రాత్రీ ఎవరూ ముట్టని కాలం ఎప్పుడైనా ఉన్నదా అని వెతుక్కున్నది. మల్లేష్‌ను కన్నప్పుడు కూడా పురిటి మంచం మీది నుంచే పప్పు ఏ డబ్బాలో ఉన్నదో చెప్పింది. నీళ్లు. ఏమే. అమ్మా, నా అంగీ ఏది. దేవమ్మా, మూడో ఫ్లోరు. ఏదీ, సూడనీ. మోగినప్పుడల్లా ఆమె లేచింది. కుట్టుమిషను నేర్చుకుందామని ఒకసారి పటాన్‌చెరు దాకా పోయింది. అత్తకు జ్వరమొస్తే వెనక్కి వచ్చింది. బేగంబీతో కలిసి సంగారెడ్డి పోయి, ఊరికే బజారులో తిరిగి, మిర్చిబజ్జీ తిని వద్దామని ఎన్నిసార్లు అనుకున్నదో. అంత చిన్న కోరికకు కూడా కాలు చాపడం, తీసుకోవడం. ఎవరూ కొట్టలేదు, ఎవరూ వద్దనలేదు. పిలిచారు, అంతే. షుగర్ లేదు, రక్తం మంచిగున్నది, మరెందుకు మానడం లేదని డాక్టరమ్మ అడిగిన దానికి జవాబు ఆమెకు ఆ గదిలో దొరికింది. బండి ఎక్కేటప్పుడు గ్లౌజు తీసి సంచిలో వేసుకున్నది. రేపటి నుంచి తడి తుడుపు తాను చేస్తానన్నది బేగంబీ. దుమ్ము దులిపే పని దేవమ్మది. త్రినాథరావు గొణిగితే, “సార్, నేల తుడిచినట్టు గావాల్నా, ఎవరు తుడిచిన్రో గావాల్నా?” అని బేగంబీయే అడిగింది.

ఇంట్లో అంత తేలిక కాలేదు. మరునాడు పొద్దున కొమురయ్య వేన్నీళ్లు, నూనె సీసా ముందు పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. దేవమ్మ ఎదురుగా కూర్చుంది. చెయ్యి మాత్రం ఒళ్లోనే పెట్టుకున్నది.

“ఇయ్యాల్టి సంది ముట్టకు” అన్నది.

“ఏంది?”

“పక్కు తియ్యొద్దు. ఎవ్వరు ముట్టొద్దు. రొట్టె గూడ చెయ్య, మూసుకునేదాకా.”

నూనె అద్దుకున్న అతని వేలు గాల్లోనే ఆగింది. “నేను నీ మంచికే జేస్తున్న గదనే” అన్నాడు. ఆ గొంతులో దెబ్బ తగిలిన చప్పుడుంది.

“మంచికే జేస్తున్నవ్. గందుకే ఇన్నొద్దులు ఊకున్న.”

తెర మీద చూసింది చెప్పింది. పక్కు కింద పాకి వచ్చే తోలు గురించి, చాపిన కాలు వెనక్కి తీసుకునే కణాల గురించి తనకు అర్థమైనంత చెప్పింది. అతను విన్నాడో లేదో తెలియదు. లేచి, వేన్నీళ్లు వాకిట్లో పారబోసి, డ్యూటీకి పోయాడు.

తర్వాతి రోజులు ఇంట్లో కుక్కర్లో అన్నం, మల్లేష్ చేసిన నీళ్ల పప్పు. కొమురయ్య కంచం జరపకుండా తిన్నాడు. వాడకట్టు వాళ్లకు దేవమ్మ కట్టు విప్పి చూపలేదు. “అబ్బో, పుండుకు గూడ పర్దానా?” అన్నది ఒకామె పోతూ. అన్నింటికన్నా కష్టం కూర్చోవడం. గిన్నె కింద పడితే, పాలు పొంగితే, అవతలి గదిలో అతను దగ్గితే ఒళ్లు దానంతట అదే లేవబోయేది. చెయ్యిని దిండు మీద పెట్టుకుని, దానికి కాపలా కూర్చున్నట్టు కూర్చునేది. చిన్నప్పుడు మల్లేష్ నిద్రపోతుంటే అట్లాగే కూర్చునేది. తన ఒంట్లో ఒక భాగానికి అట్లా కాపలా ఉండటం ఆమెకు మొదట సిగ్గనిపించింది. తర్వాత హాయిగా అనిపించింది.

ఒక సాయంత్రం కొమురయ్య వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“మన తెల్లెద్దు యాదికున్నదా?”

“ఎందుకుండదు.”

“దాని మెడ. ఎన్ని ఎండకాలాలు నూనె వెట్టిన నేను. పొలం అమ్మినంక ఇగ కాడి మోపలే గదా. నూనె గూడ వెట్టలే. ఎప్పుడు మానిందో నేనే సూడలే.” చేతులు మోకాళ్ల మీద వేసుకుని నేల వైపు చూశాడు. “నూనె మంచిదనుకుంటి ఇన్నేండ్లు.”

దేవమ్మ అనవలసింది అతనే అన్నాడు. అతను లేచి, పిండి డబ్బా ఎక్కడుందని అడగకుండా తానే వెతికి దించాడు.

అతని మొదటి రొట్టె పీటకే అంటుకుంది. రెండోది పెనం మీదికి పోతూ దారిలో తెగింది. మూడోది కంచంలోకి వచ్చింది. మల్లేష్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “నాయినా, ఇది రొట్టెనా, జిల్లా నక్షనా?”

“తింటే తిను, లేకుంటె కంపెనీ క్యాంటీన్‌కు వో.”

“అమ్మా, గిది పటాన్‌చెరు, గీ తునక సంగారెడ్డి. నాకు కంది వెట్టు జెర.”

దేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. కొమురయ్య తాను చేసిన రొట్టెను తానే నమిలి, బొంత అన్న మాట ఎత్తకుండా మింగాడు. కందికి పోయి చెబితే బేగంబీ చెంపలు వాయించుకున్నది. “యా అల్లా! గట్టిగ చెప్పకే, మా ఇంటాయన ఇంటే ఊరిడిచి పోతడు.” ఆ ఆదివారం ఇద్దరూ సంగారెడ్డి పోయారు. బజ్జీలు అంత బాగా లేవు. అయినా రెండోసారి పెట్టించుకుని తిన్నారు.

పక్కు ఎప్పుడు రాలిందో దేవమ్మ చూడలేదు. దుప్పటి దులుపుతుంటే చూసుకున్నది. ఆ చోట లేత గులాబి రంగులో, నున్నగా, ఒక్క గీత కూడా లేని తోలు. పిడికిలి పట్టి చూసింది. బొటనవేలు మిగతా వేళ్ల మీదికి సాఫీగా వచ్చింది. స్నిగ్ధకు చూపిస్తే ఆ పిల్ల చెయ్యిని వెలుతురుకు పెట్టి, ముట్టకుండా చూసింది. ముట్టకుండా చూసినందుకు దేవమ్మ కళ్లు చెమర్చాయి.

ఆ సాయంత్రం కొమురయ్య కూడా చూశాడు. “మానింది” అన్నాడు. అని, పొయ్యి ముందు నుంచి లేచి, చేతుల పిండి దులుపుకుని, పీట ఆమె వైపు జరిపాడు. ఏమీ అడగలేదు. అడగవలసిన పని లేదనుకున్నాడు. దేవమ్మ కూడా ఏమీ అనుకోకుండానే వచ్చి కూర్చున్నది. జొన్నపిండిలో మసిలే ఎసరు పోసి, ఆ సెగ పోకముందే మెదపాలి. చల్లారితే జిగురు పోయి రొట్టె విరుగుతుంది. పోసింది. చెయ్యి పెట్టింది.

మరుక్షణం తీసేసింది. సెగ ముంజేతి దాకా పాకింది. ఆమె చేతిని ముఖం ముందు పెట్టుకుని, ఇది ఎవరి చెయ్యి అన్నట్టు చూసింది. ఇంత వేడా ఇది? పెళ్లయిన నాటి నుంచి రోజూ పొద్దూమాపూ ఇంత వేడిలోనా చెయ్యి పెట్టింది? అలవాటయిందనుకున్నది. పనితనం అనుకున్నది, నలుగురూ మెచ్చుకుంటే పొంగిపోయింది. ఆ పాత తోలుకు తెలియకుండా పోయింది వేడి ఒక్కటేనా, ఇంకా ఏమేం పోయాయో.

“కాలుతున్నది” అన్నది.

కొమురయ్య వంగి చూశాడు. ఓదార్పుగానే అన్నాడు. “కొత్త తోలు గదనే. నాలుగొద్దులు చేస్తే మొద్దుబారుతది. గప్పుడు ఏం తెల్వది.”

అతని వేళ్ల కొసలు కూడా ఎర్రగా కమిలి ఉన్నాయి. దేవమ్మ వాటిని చూసింది. తన అరచేతిని చూసుకుని, దాని మీద మెల్లగా ఊదుకున్నది. పిండి గిన్నెను ఇద్దరి నడుమకు జరిపింది.

“సల్లారితే సల్లారనీ. విరిగిన రొట్టె తిందాం” అన్నది. “దీన్ని మాత్రం మొద్దుబారనియ్య.”